పోలీసు లేని చోట

అమెరికాలో కొందరు కార్లలో రాడార్ డిటెక్టర్ అమర్చుకుంటారు. వేగాన్ని కొలిచే పోలీసు రాడార్ తరంగాలను పసిగట్టి, అది ముందే హెచ్చరిస్తుంది. వర్జీనియాలో దాని వాడకం నిషిద్ధం. చాలా రాష్ట్రాల్లో సొంత కార్లకు అనుమతి ఉంది. అయితే ఎంత ఖరీదైన డిటెక్టరైనా లేజర్ గన్ ముందు తరచూ ఓడిపోతుంది. సన్నని ఆ కిరణం తగిలి అది మోగేసరికే వేగం నమోదైపోతుంది.

“మోగగానే నెమ్మదిస్తాం కదా!” అని కొందరి వాదన. నిజమే, మరి మోగనప్పుడో? వేగం రెట్టింపయితే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది. రోడ్డు దాటే పసివాడి గురించి ఏ డిటెక్టరూ హెచ్చరించదు. వేగపరిమితి ఉన్నది జరిమానా కోసం కాదు, ఆ ప్రాణం కోసం. చట్టం అనుమతించిన వస్తువైనా సంకల్పం చెడ్డదైతే మంచిదవుతుందా?

సోదరులారా! పోలీసు లేని చోట కూడా అల్లాహ్ చూస్తున్నాడు. మనం బ్రేకు వేసేది ఎవరికి భయపడి? ఆలోచించండి.