ఏమి కావాలని అడిగితే ఏం చెప్తాం?



మార్కు సువార్త 10వ అధ్యాయం ఒకసారి తీయండి. అందులో యేసు ప్రభువు ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతాడు, మీకేం కావాలని. మొదట జెబెదయి కుమారులు యాకోబు, యోహానులను. వాళ్లు ఆయనకు కుడిపక్కన ఒకరికి, ఎడమపక్కన ఒకరికి చోటు కావాలన్నారు. తర్వాత యెరికో దారిలో అడుక్కుంటున్న గ్రుడ్డివాడైన బర్తిమయిని. ఆయన చూపు అడిగాడు. శిష్యుల కోరిక విని మిగతా పదిమందికి కోపం వచ్చిందని అక్కడే రాసి ఉంది. బర్తిమయిని అరవొద్దన్నారు గాని, చూపు అడిగినందుకు ఎవరికీ కోపం రాలేదు.

అప్పు తీరాలి, అమ్మకు ఆపరేషన్ చేయించాలి. ఇది బర్తిమయి అడిగినట్టే. బావమరిది రెండంతస్తులు వేశాడు, మనం మూడు వెయ్యాలి. ఇది కుర్చీ. గల్ఫ్‌లో మా క్యాంపులో "ఇంకొక్క ఏడాది" అని ఏటా అనేవాళ్లు ఉండేవారు. అప్పు ఎప్పుడో తీరింది, కుర్చీయే ఎత్తు పెరుగుతూ పోయింది.

కోరిక పాపమని నేను చెప్పను. (అలా చెప్పేవాళ్లు నెలాఖరున ఇంటికి డబ్బు పంపినవాళ్లు కాకపోవచ్చు.) కోరిక లేకపోతే మనం విమానమే ఎక్కం.

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ పక్కన హాబ్సన్‌విల్ ఉంది. పాత ఎయిర్‌ఫోర్స్ స్థలంలో ఇప్పుడు అన్నీ కొత్త ఇళ్లే. 1850ల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన రైస్ ఓవెన్ క్లార్క్ సేద్యం చేసుకుందామని అక్కడ భూమి తీసుకున్నాడు. చూస్తే బంకమట్టి, నీళ్లు ఇంకవు. ఆ నీళ్లు పోవడానికి అదే మట్టితో గొట్టాలు చేసి, కాల్చి, పొలంలో పాతాడు. ఇరుగుపొరుగు మాకూ కావాలన్నారు. ఆ పనే పెరిగి, ఆయన వంశంవాళ్ల చేతిలో క్రౌన్ లిన్ కప్పులు, ప్లేట్ల దాకా వెళ్లింది. 1989లో అది మూతపడింది, అది వేరే సంగతి. పక్కవాడి పొలం చూసి కాదు, తన పొలంలో నిలిచిన నీళ్లు చూసి మొదలైన పని అది.

మరి మన పొలంలో నిలిచిన నీళ్లేవి? మనం ఎవరి కోసం కష్టపడుతున్నామో వాళ్లకే తెలియాలి. కాని వాళ్లనెప్పుడు అడిగాం? అమ్మాయికి నగలు, అబ్బాయికి ఇంజనీరింగ్, అన్నీ మనమే అనుకుని మనమే మోస్తున్నాం.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, డబ్బులు అందాయా అన్న మాట కాసేపు ఆపి, నీకేం కావాలి అని అడగండి. వస్తువు పేరు చెప్తే సరే. ఏమీ మాట్లాడకపోతే మాత్రం ఫోన్ పెట్టేయకండి.