వేషం వేరు, మోసం వేరు

కళారంగాన్ని వస్తువుగా తీసుకున్న నవలలను గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శకులు సాధారణంగా ఒక ప్రశ్నను తప్పించుకుపోతారు. నటి ప్రేమిస్తే ఆ ప్రేమను నమ్మవచ్చునా అన్నది ఆ ప్రశ్న. పైకి ఎవరూ ఇలా అడగరు. అడగకుండానే తీర్పు చెప్పేస్తారు. రాత్రల్లా ప్రేమను అభినయించే మనిషి తెల్లవారిన తర్వాత కూడా అభినయిస్తూనే వుంటుందని లోకానికి గట్టి నమ్మకం. ఈ నమ్మకంలో న్యాయం ఎంత వుందో చూడాలని నా ప్రయత్నం.

మొదట ఒక చిన్న తేడా గుర్తించాలి. వేషం కట్టడం అబద్ధమే. కాని అది ఇద్దరికీ తెలిసిన అబద్ధం. రంగస్థలం మీద ఏడుస్తున్నది సీత కాదని టిక్కెట్టు కొన్నవాడికి తెలుసు. వాడికి తెలుసునన్న సంగతి వేషధారికీ తెలుసు. ఈ ఒడంబడిక మీదనే కళ నిలబడి వుంది. మోసంలో ఇటువంటి ఒడంబడిక లేదు. అక్కడ ఒకరికి తెలుసు, మరొకరికి తెలియదు. ఆ తెలియకపోవడం మీదనే మొదటివాడి లాభమంతా ఆధారపడి వుంటుంది. ఈ రెంటినీ కలగాపులగం చేసినవాడు కళనూ అర్థం చేసుకోలేడు, ప్రేమనూ అర్థం చేసుకోలేడు.

ఆస్కార్ వైల్డ్ 1890లో మొదటిసారి ప్రచురించిన డోరియన్ గ్రే నవలలో సిబిల్ వేన్ అనే పేద నటి వుంది. డోరియన్ ఆమెను జూలియట్ వేషంలో చూసి ప్రేమించానంటాడు. ఆమెకు నిజంగా ప్రేమ కలుగుతుంది. కలిగిన మరుక్షణం నుంచీ రంగస్థలం మీది ప్రేమ ఆమెకు వెలవెలబోయినట్లు కనిపిస్తుంది. ఆ రాత్రి పేలవంగా నటిస్తుంది. డోరియన్ ఆమెను తృణీకరించి వెళ్ళిపోతాడు; ఆమె ప్రాణం తీసుకుంటుంది. ఇక్కడ నటించింది ఎవరు? ఆమె నటన మానేసింది గనుకనే నష్టపోయింది. అతను ప్రేమించింది వేషాన్ని. ప్రేమిస్తున్నానని చెప్పింది మనిషికి. మోసమంటే అదీ.

మన దేశానికి వద్దాం. ఆర్.కె. నారాయణ్ 'గైడ్' నవల 1958లో వెలువడింది. 1960లో సాహిత్య అకాడమీ బహుమానం పొందింది. అందులో రోజీ నర్తకి. ఆమె నృత్యాన్ని లోకానికి చూపించినవాడు రాజు. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆమె సంపాదన తన గుప్పిట్లో పెట్టుకున్నవాడూ అతనే, చివరకు ఆమె సంతకాన్ని దొంగసంతకం చేసినవాడూ అతనే. ఆ నేరానికి అతను పట్టుబడితే, అతని కేసు ఖర్చుల కోసం మళ్ళీ కాలికి గజ్జె కట్టింది రోజీ. రంగస్థలం మీద ఎన్ని వేషాలు వేసినా ఆమె లెక్క సరిగానే వుంది. ఏ వేషమూ వెయ్యక్కరలేనివాడి లెక్కే తప్పింది.

తెలుగులో ఈ ప్రశ్నను అన్నిటికంటె నిర్మొహమాటంగా ఎదుర్కొన్న నవల రావూరి భరద్వాజ 'పాకుడురాళ్ళు'. మొదట 'మాయ జలతారు' పేరుతో కృష్ణాపత్రికలో ధారావాహికంగా వచ్చింది. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం వచ్చిన తర్వాత దీని పేరు తెలియనివారు లేరు గాని, శ్రద్ధగా చదివినవారు ఎందరో నాకు సందేహమే. నాటక సమాజంలో వేషాలు వేసే మంగమ్మ సినిమా తార మంజరి అవుతుంది. ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఒక మగవాడు చెయ్యి అందిస్తాడు, ఆ చేతికి వెల కడతాడు. ఆమె ఆ విద్య నేర్చుకుని తానూ వెల కట్టడం మొదలుపెడుతుంది.

ఈ నవల చదివి, మంజరి ఫలానా తారేనని పందాలు వేసుకున్నవారిని నేనెరుగుదును. ఆమె చుట్టూ మూగిన నిర్మాతలు ఎవరని మాత్రం వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. మన ఆసక్తి కూడా ఎటు మొగ్గుతున్నదో చూడండి! మావైపు సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ మద్రాసు వెళ్ళి సినిమాలకు రాస్తే, మనవాడు పైకి వచ్చాడని గర్వించాం. అదే మద్రాసు వెళ్ళిన ఆడపిల్లను గురించి, ఎవర్ని పట్టుకుని పైకి వచ్చిందని అడిగాం.

మా గూడూరు రైలు జంక్షన్. కోస్తా జిల్లాల రైళ్ళు మా స్టేషను దాటితేగాని మద్రాసు చేరవు. ఇక్కడినుంచి సుమారు 140 కిలోమీటర్లు. సినిమా పరిశ్రమ మద్రాసులో వున్నన్నాళ్ళూ ఆశలన్నీ మా ప్లాట్‌ఫారం మీదుగానే పోయేవి. నేను చెప్పబోయేది సినిమా సంగతి కాదు. నా కాలేజీ రోజుల్లో మా ఊళ్ళో ఒక సమాజంవారు 'చింతామణి' వేయించారు. నటిని పై జిల్లానుంచి పిలిపించారు. హాలు కిక్కిరిసింది. మాట్లాడుకున్న సొమ్ములో సగమే ఆమె చేతిలో పెట్టి, మిగతాది మనియార్డరు చేస్తామని చెప్పి రైలెక్కించి రమ్మని తెల్లవారుజామున నన్ను పంపారు. అది వచ్చే డబ్బు కాదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఆమె పెట్టె సర్దుకుంటూ, “పంపకపోతే పోయారు గాని బాబూ, పంపుతామని మాత్రం చెప్పకండి” అన్నది.

ఆ రోజు మధ్యాహ్నమే బజారులో, చింతామణి మగవాళ్ళను ఎలా దోచుకుంటుందో హాస్యంగా చెప్పుకుంటున్నారు. పాత్రకూ మనిషికీ తేడా లేదు వాళ్ళకు. దోచుకున్నది మేము. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వుంది, దాన్ని దాటిపోకూడదు. మంజరి మోసపోయింది, నిజమే. కాని మోసం చేసింది కూడా గదా? మోసపోయినవారికి మోసం చేసే హక్కు వుందా? మన అభ్యుదయ విమర్శ దీనికి సిద్ధంగా పెట్టుకున్న సమాధానం ఒకటి వుంది: తప్పు వ్యవస్థది. వ్యవస్థది తప్పని నేనూ అంటాను. అందాన్నీ కంఠాన్నీ సరుకు చేసి, అమ్ముకునేవాడికి లాభమూ అమ్ముడుపోయినవారికి అపవాదూ పంచిపెట్టే వ్యవస్థ అది. అయితే ఈ సమాధానంతో ఆగిపోతే, మనం ఆ మనిషికి గౌరవం ఇచ్చినట్లు కాదు. తన పనికి తాను జవాబుదారీ కాదన్నామంటే, ఆమెను మళ్ళీ కీలుబొమ్మను చేసినట్లే. నిర్మాత చేసిన పనీ అదే. భరద్వాజ గొప్పతనం ఆమెను దేవతను చెయ్యకపోవడంలో వుంది, దయ్యాన్ని చెయ్యకపోవడంలోనూ వుంది.

ఈ చిక్కుకు దారి మన సాహిత్యంలోనే వుంది. అది నవల కాదు, నాటకం: 1892లో ప్రదర్శితమై, 1909లో కొత్తరూపం పొందిన 'కన్యాశుల్కం'. మధురవాణి పాటా మాటా వృత్తిగా గల మనిషి. అబద్ధాలాడుతుంది. రామప్పంతులును ఆడిస్తుంది, మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళుతుంది. కాని ఆమె మోసాలను వరసగా పెట్టి చూడండి. అవి బలవంతుల మీద, పసిపిల్లల్ని కొనేవారి మీద. చెయ్యి చాచితే అందే సౌజన్యారావు దగ్గరకు వచ్చేసరికి, చెడనివారిని చెడగొట్టకూడదని తానే ఆగుతుంది. వ్యవస్థ ఆమెకు ఏ గీతా గీసి ఇవ్వలేదు. ఆ గీత ఆమె గీసుకున్నది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మోసాన్ని తూచేటప్పుడు మూడు సంగతులు చూడాలి: అది ఎవరి అజ్ఞానం మీద బతుకుతున్నది, దాని బరువు తనకంటె బలవంతుడి మీద పడుతున్నదా బలహీనుడి మీద పడుతున్నదా, చేసినవారు ఎక్కడైనా ఆగారా. ఈ తూనికలో మంజరి కొన్నిచోట్ల నెగ్గుతుంది, కొన్నిచోట్ల ఓడుతుంది. ఆమెను వాడుకున్నవారు ఎక్కడా నెగ్గరు. డోరియన్ అసలే నెగ్గడు.

నేనూ నెగ్గను. ఆ తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద నేను వ్యవస్థను కాను, ఒక కుర్రవాణ్ణి. ఆమెకు నిజం చెప్పడానికి నాకు రైలు కదిలేవరకు వ్యవధి వుంది. ఆ నటి పేరు చింతామణి కాదు. ఆమె అసలు పేరేమిటో ఆనాడు అడగాలని నాకు తోచలేదు.