నిప్పు ఆర్పి నిద్రించండి



రామగిరి, గోదావరిఖని ప్రాంతాల్లో మన బ్రతుకులు బొగ్గుతో ముడిపడి ఉన్నాయి. బొగ్గు అల్లాహ్ భూగర్భంలో ఉంచిన అనుగ్రహం. దాన్ని వాడే తీరు తెలుసుకోవడం మన బాధ్యత.

గాలి బాగా తగిలితే బొగ్గులోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రామగుండం విద్యుత్కేంద్రం పొగ దూరం నుంచే కనిపిస్తుంది. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది. చలికి తలుపులు మూసి, కుంపటి పక్కన పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

మదీనాలో ఒక రాత్రి ఓ ఇల్లు కాలిపోయిందని విని, నిప్పు మనిషికి శత్రువని, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ప్రాణం అల్లాహ్ అప్పగించిన అమానతు. కుంపటిని గదిలోకి తేవద్దు. మన పొగతో పొరుగువారిని బాధించవద్దు.

అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.