అభ్యాస వైరాగ్యములు - ఆటల వ్యసనము

చంచలమైన మనస్సును నిలుపుట తనవలన గాదని మొరపెట్టుకొనిన అర్జునునకు శ్రీకృష్ణపరమాత్మ గీత ఆరవ అధ్యాయమున రెండు సాధనములను చూపెను. ఒకటి అభ్యాసము, రెండవది వైరాగ్యము. ఈ రెంటిలో ఒకదానితోనే పని నెరవేరునా యను ప్రశ్న నేడు వైద్యశాలలలో క్రొత్తరూపమున తలయెత్తినది.

వీడియో ఆటల వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల వర్గీకరణమున చేర్చినది. 2019లో ఆమోదింపబడిన ఆ వర్గీకరణము 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట దాని లక్షణములు. ఎక్కువసేపు ఆడినంతమాత్రమున ఎవడును రోగి కాడు. సాధారణముగా ఏడాదిపాటు ఈ లక్షణములు నిలిచి, చదువు, ఉద్యోగము, కుటుంబబాంధవ్యము చెడినపుడే అది రోగమనిపించుకొనును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఇట్టివారికై 2014లోనే ప్రత్యేక చికిత్సావిభాగమును నెలకొల్పినది.

వీరికి హితవచనములతోబాటు మెదడునకే వ్యాయామము నేర్పు పద్ధతులను పరిశోధకులు పరీక్షించుచున్నారు. తెరపై ఒక గుర్తు కనబడినపుడు మీట నొక్కవలెను. వేరొక గుర్తు కనబడినపుడు చేయి ఆపుకొనవలెను. ఇది నిగ్రహమునకు అభ్యాసము. మరియొక పద్ధతిలో ఆటకు సంబంధించిన బొమ్మను మీటతో దూరముగా నెట్టి, వేరు బొమ్మను దగ్గరకు లాగుకొనవలెను. ఇది మద్యపాన వ్యసనపరులకై ముందుగా వాడిన పద్ధతి. ఇంకొకదానిలో తలపై తీగలమర్చి, మెదడులోని విద్యుత్తరంగములను రోగికే చూపి, వానిని తానే చక్కబరచుకొనునట్లు నేర్పుదురు.

ఇవి జపమాల త్రిప్పుట వంటివి. చేయి పదేపదే చేసినదానిని మనస్సు క్రమముగా అనుసరించునని వీని ఆశయము. కాని మాల చేతిలో తిరుగుచుండగా మనస్సు సంతలో తిరుగవచ్చును గదా! ఇచటను అదే చిక్కు. అభ్యసించిన పనిలో నేర్పు పెరుగును. ఆ నేర్పు నిత్యజీవితమునకు వ్యాపించునను నమ్మకము లేదు. మెదడు వ్యాయామపు ఆటలను విక్రయించు ఒక సంస్థ తగిన ఆధారము లేకయే గొప్పలు చెప్పినదని అమెరికా వాణిజ్య సంఘము అభియోగము మోపగా, 2016లో ఆ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది.

ఇక ధర్మసందేహము. వ్యసనము రోగమే యైనచో ఆడువానియందు దోషమున్నదా? యంత్రము నేర్పిన నిగ్రహము వాని సుగుణమనిపించుకొనునా?

భారతమందలి నలోపాఖ్యానమున దీనికి సమాధానము కలదు. కాళ్ళు కడుగుకొనక సంధ్య నుపాసించిన చిన్న ఏమరుపాటున కలి నలుని ఆవేశించెను. మంత్రులు వచ్చి నిలిచినను, దమయంతి కన్నీరు పెట్టినను ఆతడు పాచికలను విడువలేకపోయెను. దమయంతి తన భర్తను ఆ స్థితికి దెచ్చిన భూతమును శపించెనే కాని భర్తను ద్వేషింపలేదు. ఐనను పోయిన రాజ్యమును తిరిగి సంపాదించుకొను భారము నలునిదే యయ్యెను. రోగిని నిందింపరాదు, వాని బాధ్యతను వానినుండి తీసివేయనురాదు. మందు వైద్యుడిచ్చినను పథ్యముండువాడు రోగియే గదా!

ఋతుపర్ణునివలన అక్షహృదయమును నేర్చినంతనే కలి నలుని విడిచిపోయెను. అక్షహృదయమనగా పాచికల మర్మము. నేటి ఆటలందును బహుమానమెప్పుడు వచ్చునో తెలియనీయక ఆశపెట్టు కూర్పు కలదు. ఆ కూర్పును, దానికి లోబడు తన మనస్సును ఎరిగినవాడు సగము విడివడినవాడే. కాని ఒక విశేషమును గమనింపవలెను. ఆ విద్య నలునకు లభించినది విదర్భకు పోవు దారిలో. ఆ దారి చివర దమయంతి యున్నది. వైరాగ్యమనగా మనస్సును శూన్యము చేయుట కాదు. అంతకంటె ప్రియమైనదానివైపు దానిని మరలించుట. మీట నొక్కు అభ్యాసము చేయిని ఆపగలదు. ఆగిన చేయి దేనిని పట్టుకొనవలెనో అది చెప్పజాలదు.

దానిని చెప్పవలసినది ఇల్లు. కుమారుని చేతిలోని ఫోనును లాగుకొని, తాను మరల తన ఫోనులో మునుగు తండ్రి ఆ బాలునకు ఏ విదర్భను చూపినట్లు? ఆ సాయంకాలము వానితో కలిసి దీపము వెలిగించి, ఒక కథ చెప్పి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేయవలెను. వైద్యుని అభ్యాసమునకు ఇంటివారి అనురాగము తోడైననాడు భగవదనుగ్రహమున ఆ బాలుడు తన్ను తాను తప్పక గెలుచుకొనును.