డీఎన్‌ఏ పరీక్షలు, నసబ్, కుటుంబ గౌరవం



షరీఅత్ ఆదేశాల వెనుక ఐదు విషయాల రక్షణ ఉందని ఉలమాలు వివరించారు. అవి ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ధనం. వంశాన్నే మనం ‘నసబ్’ అంటాం. నికాహ్ నలుగురి ఎదుట జరగాలన్నా, తలాఖ్ పొందిన స్త్రీ ఇద్దత్ పాటించాలన్నా, వ్యభిచారాన్ని ఘోరపాపంగా నిషేధించినా వాటి ముఖ్యోద్దేశాల్లో నసబ్ రక్షణ ఒకటి.

ఈ విషయంలో మన కాలానికి ఒక కొత్త పరీక్ష ఎదురైంది. అమెరికాలో కొన్ని కంపెనీలు డీఎన్‌ఏ పరీక్ష కిట్‌ను ఇంటికే పంపిస్తాయి. చిన్న గొట్టంలో ఉమ్మి నింపి తపాలాలో తిరిగి పంపితే చాలు. మన పూర్వీకులు ఏయే ప్రాంతాల వారో కొన్ని వారాల్లో శాతాల లెక్కన అంచనా వేసి చెబుతారు. అంతేకాదు, అదే కంపెనీలో పరీక్ష చేయించుకున్న వారిలో మన రక్తసంబంధీకులెవరో కూడా చూపిస్తారు. 2019లో ప్యూ రీసెర్చ్ సెంటర్ జరిపిన సర్వే ప్రకారం అమెరికాలోని పెద్దవారిలో 15 శాతం మంది ఇలాంటి పరీక్ష చేయించుకున్నారు. వారిలో 27 శాతం మంది తమకు అంతవరకు తెలియని దగ్గరి బంధువుల గురించి తెలుసుకున్నామన్నారు.

మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు కూడా ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. అక్కడ సరదాగా చేయించుకున్న పరీక్ష గుంటూరులోనో కర్నూలులోనో ఉన్న అమ్మీ, అబ్బాల మనశ్శాంతిని చెరిపేయవచ్చు. కనుక ఈ విషయంలో ధర్మం ఏం చెబుతోందో తెలుసుకోవడం అవసరం.

పరీక్ష చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

బిడ్డ డీఎన్‌ఏలో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. సొంత తోబుట్టువుల మధ్య సగటున సగం, చిన్నాన్న, మేనమామల పిల్లలతో సగటున ఎనిమిదో వంతు కలుస్తుంది. అందువల్ల దగ్గరి బంధుత్వాన్ని గుర్తించడంలో ఈ పరీక్ష సాధారణంగా పొరబడదు. కాని అది చెప్పేది శరీర సంబంధం ఒక్కటే. ఆ సంబంధం ఎలా ఏర్పడిందో, అందులో ఎవరి తప్పుందో, అసలు తప్పంటూ ఉందో లేదో అది చెప్పదు.

అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూడండి. తన తండ్రిది ఐరిష్ వంశమని నమ్మిన ఒక మహిళ 2012లో పరీక్ష చేయించుకుంది. ఆమె పూర్వీకుల్లో సగం మంది యూదులని ఫలితం వచ్చింది. ఇలాంటప్పుడు తొందరపాటు మనిషికి ముందుగా ఎవరిపై అనుమానం వస్తుంది? ఎప్పుడో చనిపోయిన నాయనమ్మపైనే కదా! కాని ఏళ్ల తరబడి ఆరా తీస్తే తేలిందేమిటంటే, 1913లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో పసిబిడ్డలు తారుమారయ్యారు. ఆ నాయనమ్మ ఏ పాపమూ ఎరుగదు. పైగా కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె.

అదే దేశంలో ఇండియానా రాష్ట్రానికి చెందిన ఒక సంతాన చికిత్స వైద్యుడు తన దగ్గరికి వచ్చిన స్త్రీలకు తెలియకుండా తన వీర్యాన్నే వాడాడు. పుట్టిన పిల్లలు పెద్దవారై డీఎన్‌ఏ పరీక్షలు చేయించుకున్నాకే ఆ మోసం బయటపడింది. ఇక్కడ కూడా తల్లులు దోషులు కారు. వారు మోసపోయినవారు.

ప్రవక్త (సఅసం) చూపిన మార్గం

ఫజారా తెగకు చెందిన ఒక పల్లెవాసి ప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని అనుమానంగా చెప్పాడు. ఆయన (సఅసం) అతని ఒంటెల రంగు అడిగారు. ఎర్రనివన్నాడు. వాటిలో బూడిదరంగువి కూడా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. అవెలా వచ్చాయంటే, వెనుకటి తరాల పోలిక కావచ్చన్నాడు. నీ బిడ్డ విషయం కూడా అంతే కావచ్చునని ఆయన నచ్చజెప్పారు. ఒక స్త్రీ గౌరవం, ఒక బిడ్డ భవిష్యత్తు ఆ ఒంటెల ఉదాహరణతో నిలబడ్డాయి.

హజ్రత్ జైద్ (రజి) తెల్లగా, ఆయన కుమారుడు హజ్రత్ ఉసామా (రజి) నల్లగా ఉండటంతో కొందరు గుసగుసలు పోయేవారు. పోలికలు గుర్తించే నేర్పుగల ముజజ్జిజ్ అనే వ్యక్తి, దుప్పటి కప్పుకొని పడుకున్న ఆ ఇద్దరి పాదాలు మాత్రమే చూసి, అవి తండ్రీకొడుకులవేనని చెప్పాడు. ఆ మాటకు ప్రవక్త (సఅసం) ఎంతో సంతోషించారు. అంటే శరీర సాక్ష్యాన్ని ఇస్లాం కాదనదు. నసబ్‌ను నిలబెట్టే పనికి దాన్ని సంతోషంగా స్వీకరిస్తుంది.

మరి ఆ సాక్ష్యం నసబ్‌కు విరుద్ధంగా కనిపిస్తే? మక్కా విజయం నాడు జమ్‌ఆ ఇంట పుట్టిన ఒక బాలుని విషయంలో వివాదం వచ్చింది. ఆ బాలుడు తన సోదరుడు ఉత్బా సంతానమని హజ్రత్ సఅద్ (రజి), కాదు తన తండ్రి కొడుకని అబ్ద్ బిన్ జమ్‌ఆ (రజి) వాదించారు. బాలునిలో ఉత్బా పోలిక ప్రవక్త (సఅసం)కు స్పష్టంగా కనిపించింది. అయినా బిడ్డ ఎవరి ఇంట, ఎవరి పడకకు చెందిన స్త్రీకి పుట్టాడో వారికే చెందుతాడని తీర్పు చెప్పారు. అదే సమయంలో జమ్‌ఆ కుమార్తె, తన సతీమణి అయిన హజ్రత్ సౌదా (రజి)ను ఆ బాలుని నుంచి పర్దా పాటించమన్నారు. నసబ్ చెదరలేదు, జాగ్రత్తా విస్మరించబడలేదు. ఎంత సమతూకమైన తీర్పో ఆలోచించండి!

రాబితాకు చెందిన ఇస్లామిక్ ఫిఖ్‌హ్ కౌన్సిల్ 2002 జనవరిలో మక్కాలో ఈ వెలుగులోనే తీర్మానించింది. స్థిరపడిన నసబ్‌ను డీఎన్‌ఏ ఆధారంగా కొట్టివేయకూడదు, దాన్ని సరిచూసుకోవడానికి పరీక్ష చేయించకూడదు. ఆసుపత్రిలో బిడ్డలు తారుమారైనా, తప్పిపోయినా, తండ్రి ఎవరన్న వివాదం వచ్చినా పరీక్షను వాడుకోవచ్చు. మన దేశ చట్టం కూడా వివాహబంధంలో పుట్టిన బిడ్డను ఆ దంపతుల బిడ్డగానే గుర్తిస్తుంది. 2023లో సుప్రీంకోర్టు సైతం డీఎన్‌ఏ పరీక్షలకు అలవాటుగా ఆదేశాలివ్వరాదని చెప్పింది.

విషయం బయటపడితే ఏం చేయాలి?

మొదటిది, నాలుకను అదుపులో పెట్టాలి. నలుగురు సాక్షులు లేకుండా శీలవతిపై నింద వేసేవారికి ఖుర్ఆన్ నూర్ సూరాలో 80 కొరడా దెబ్బల శిక్ష విధించింది. కంపెనీ పంపిన కాగితం నలుగురు సాక్షులు కాదు. ఒకవేళ గతంలో నిజంగానే తప్పు జరిగినా, ఆ స్త్రీ తౌబా చేసుకుని ఉంటే ఆ తెర తొలగించడానికి మనమెవరం?

రెండవది, పెంచినవారి హక్కు మరవకూడదు. నికాహ్ బంధంలో పుట్టిన బిడ్డకు ఆ భర్తే తండ్రి. ఇంటిపేరు, వారసత్వం, సేవ అన్నీ అలాగే ఉంటాయి. జ్వరం వస్తే రాత్రంతా మేల్కొన్న అబ్బాను ఒక ఫలితం చూసి పరాయివాడిని చేయడం కృతఘ్నత.

మూడవది, కొత్తగా తెలిసిన రక్తసంబంధీకులతో నికాహ్ ప్రసక్తి వస్తే తేలికగా తీసుకోకూడదు. ముఫ్తీ సాహెబ్‌ను ఏకాంతంగా సంప్రదించాలి.

దత్తత విషయం వేరు. పెంపుడు పిల్లలను వారి కన్నతండ్రి పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా ఆదేశించింది. అప్పటివరకు జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచిన వారిని మళ్లీ జైద్ బిన్ హారిసా అన్నారు. అయినా ఆయనపై ప్రవక్త (సఅసం) ప్రేమ రవ్వంత కూడా తగ్గలేదు. కనుక పెంపుడు బిడ్డకు నిజాన్ని మనమే ప్రేమగా చెప్పాలి. నలభై ఏళ్ల వయసులో ఒక కంపెనీ ద్వారా తెలిస్తే ఆ మనసు ఎంత గాయపడుతుందో ఊహించండి.

సరదాకు ముందు ఆలోచన

మన ఉమ్మిలో మన ఒక్కరి రహస్యమే ఉండదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఇంకా పుట్టని సంతానం సమాచారం కూడా అందులో ఉంటుంది. అది వారి అమానత్. 2023లో 23 అండ్ మీ కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల పాలైంది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇతరుల రహస్యాలు వెదకడాన్ని హుజురాత్ సూరా నిషేధించింది. వైద్య అవసరం ఉంటే డాక్టరు సలహాతో పరీక్ష చేయించుకోండి. కేవలం కుతూహలం కోసం కుటుంబమంతటి తెరనూ పణంగా పెట్టకండి.

సయ్యద్‌లమా, పఠాన్‌లమా అని శాతాల్లో తేల్చుకోవాలన్న ఆరాటం కూడా మంచిది కాదు. జాతులు, తెగలు పరస్పర పరిచయం కోసమేనని, అల్లాహ్ దగ్గర గౌరవం తఖ్వాను బట్టేనని అదే సూరా చెబుతోంది. రేపు ప్రళయదినాన మన కర్మల పత్రం చేతికి వస్తుంది. అందులో పూర్వీకుల శాతాలు ఉండవు.

తోటివారి లోపాలను కప్పేవారిగా, తల్లిదండ్రుల హక్కులు నెరవేర్చేవారిగా అల్లాహ్ మనల్ని తీర్చిదిద్దుగాక! ఇహపరాల్లో మన లోపాలను కూడా కప్పుగాక! ఆమీన్.