జీతమెంత? తక్కువైనది ఎవరు భరిస్తున్నారు?



ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములలో పిల్లల ఉద్యోగాల మాట రాని వారము లేదు. "మీ అబ్బాయికి అక్కడ ఎంత ఇస్తున్నారండీ?" అని ఒకరు అడుగుతారు. జవాబు పౌండ్లలోనో, రియాళ్లలోనో వస్తుంది. విన్నవారు వెంటనే దానిని రూపాయలలోనికి మార్చి, "మా హోసూరులో సంవత్సరమంతా కష్టపడినా అంత రాదు" అని నిట్టూర్చుతారు. ఇటు విదేశాలలో స్థిరపడినవారు, "అక్కడ ఖర్చులు తక్కువ గదా, ఆ జీతము చాలును" అని సమాధానపరచుచున్నారు. ఈ రెండు మాటలూ పూర్తి లెక్కలు కావు. యౌవనస్థులకు ఏ దేశములో ఎంత ఇచ్చుట న్యాయము? దానిని దేనితో కొలవవలెను? ఈ ప్రశ్నను కొంచెము నిదానముగా ఆలోచించుట మంచిది.

హోసూరును ఉదాహరణగా తీసుకుందాము. తమిళనాడులో నున్నను తెలుగు, కన్నడ, తమిళము మూడును వీధులలో వినబడు ఊరు ఇది. బెంగుళూరుకు సుమారు 40 కిలోమీటర్లు. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చిన తరువాత 1980 ప్రాంతమున టి.వి.యస్. మోపెడ్లు, అశోక్ లేలాండ్ లారీలు, ఆ దశాబ్దము చివర టైటాన్ గడియారములు ఇక్కడ తయారగుట మొదలైనది. 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లా అయినది, 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయినది. 2021 తరువాత పోచంపల్లి దగ్గర విద్యుత్ స్కూటర్ల కర్మాగారము, హోసూరు సమీపమున టాటావారి సెల్‌ఫోను విడిభాగముల కర్మాగారము వచ్చి వేలాది యువతులకు పని కల్పించినవి. జార్ఖండ్ వంటి దూర రాష్ట్రముల నుండి కూడా ఆడపిల్లలు వచ్చి, హాస్టళ్లలో ఉండి, షిఫ్టులలో పనిచేయుచున్నారు.

ఈ యువతీయువకుల జీతమును డాలర్లలోనికి మార్చి చూస్తే బహు స్వల్పముగా కనబడును. అయితే డాలరు మారకము సరియైన కొలత కాదని ఆర్థికవేత్తలు ఎప్పుడో చెప్పారు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యమున జరిగిన 2021వ సంవత్సరపు ధరల పోలికలో, అమెరికాలో ఒక డాలరుకు దొరుకునంత సరుకు, సేవలు మన దేశములో సుమారు 20 రూపాయలకే దొరకునని తేలినది. ఆ ఏడాది మారకపు రేటు మాత్రము 74 రూపాయల దగ్గర ఉన్నది. కాబట్టి "అక్కడ చౌక" అను మాటలో నిజము లేకపోలేదు.

కాని ఏది చౌక? సెల్‌ఫోను చౌక కాదు, పెట్రోలు చౌక కాదు. చౌకగా దొరకునవి ముఖ్యముగా మనుష్యుల శ్రమతో కూడినవి: మెస్సులో భోజనము, క్షవరము, బట్టలు కుట్టించుట, ఆటో ప్రయాణము. ఇడ్లీ చౌకగా ఉన్నదంటే దానిని వండిన ఆమె కూలి తక్కువ అని అర్థము. ఒకరి తక్కువ జీతము చాలునని చూపుటకు మరియొకరి తక్కువ జీతమును సాక్ష్యముగా తెచ్చుచున్నాము. పేదవారు ఒకరినొకరు మోయుచుండగా, దానికి మనము "ఖర్చు తక్కువ" అని పేరు పెట్టుకున్నాము.

మరి సరియైన కొలత ఏది? మన దేశములోనే ఒక మంచి కొలత ఉన్నది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనమును లెక్కించు పద్ధతిని చెప్పినది. సంపాదించువాడు ఒక్కడే అయినను, ముగ్గురు పెద్దల ఆహారమునకు సమానమైన కుటుంబపు అవసరము లెక్కలోనికి రావలెను. డాక్టర్ ఆక్రాయిడ్ సూచించిన ప్రకారము పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీల ఆహారము, కుటుంబమునకు ఏడాదికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, ఇవి గాక వంటచెరకు, దీపము మొదలైన వాటికి మొత్తములో 20 శాతము చేర్చవలెను. 1991లో సుప్రీంకోర్టు, పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము, వివాహము వంటి వాటికి మరి 25 శాతము చేర్చవలెనని తీర్పు చెప్పినది. ఇందులో డాలరు మాట లేదు, సంత బేరము లేదు. ఒక మనిషి కుటుంబముగా నిలబడుటకు ఏమి కావలెనో అదే కొలత.

ఈ కొలతతో మూడు దేశములను చూడండి.

మన దేశములో అప్రెంటిసుల చట్టము 1961 నాటిది. ఆ చట్టము ప్రకారము అప్రెంటిసు శిక్షణ పొందువాడే గాని కార్మికుడు కాడు. 2019లో సవరించిన నియమములు వారి కనీస స్టైపెండును చదువును బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయలుగా నిర్ణయించినవి. దీనితో కుటుంబము సంగతి అటుంచి, ఒక్కడు అద్దె గదిలో బ్రతుకుటయే కష్టము. తక్కువైనది ఎవరు ఇచ్చుచున్నారు? ఊరిలోని తల్లిదండ్రులు.

బ్రిటనులో 2025 ఏప్రిల్‌లో వచ్చిన కనీస వేతనము 21 ఏండ్లు నిండినవారికి గంటకు 12.21 పౌండ్లు, 18 నుండి 20 ఏండ్లవారికి 10 పౌండ్లు, అంతకంటె చిన్నవారికి, మొదటి ఏడాది అప్రెంటిసులకు 7.55 పౌండ్లుగా ఉండెను. ఆ రేట్లలో వారమునకు 40 గంటలు పనిచేసిన ఇరువది ఏండ్ల కుర్రవానికి పెద్దవానికంటె 88 పౌండ్లు తక్కువ వచ్చెను. అయితే వయస్సు అడిగి అద్దె తగ్గించు ఇంటివారిని గాని, రొట్టె ధర తగ్గించు దుకాణమును గాని ఎవరైనా చూచారా? అక్కడ కూడా తల్లిదండ్రుల ఇల్లు ఉన్నదను నమ్మకము మీదనే ఆ లెక్క నిలిచినది. అందుకే ఈ వయోభేదమును క్రమముగా తీసివేయుదుమని 2024లో వచ్చిన ప్రభుత్వము ప్రకటించినది.

ఖతారులో 2021 మార్చి నుండి అందరికీ కనీస వేతనము నెలకు 1,000 రియాళ్లు. యజమాని వసతి ఇవ్వనియెడల 500, భోజనము ఇవ్వనియెడల 300 అదనము. ఇండ్లలో పనిచేయువారికి కూడా ఇది వర్తించుట మెచ్చుకొనదగినది. అయినను ఆ లెక్క ఒంటరి మనిషికి మంచము, భోజనము వరకే. భార్యాపిల్లలు మరియొక దేశములో ఉందురని ముందే అనుకొని కట్టిన లెక్క అది.

ఈ సంగతి మన తెలుగు బాప్తిస్టు చరిత్రకు క్రొత్త కాదు. 1903లో రెవ. జాన్ రంగయ్యగారు నాటాలుకు వెళ్లినప్పుడు వారు పరిచర్య చేసినది తోటల ఒప్పంద కూలీల మధ్యనే. ఆ ఒప్పందములో మొదటి ఏడాది జీతము నెలకు 10 షిల్లింగులు, తిండిగింజలు, వసతి. ఊరిలో దొరకు కూలితో పోల్చి అది ఎక్కువని చెప్పియే ఎందరినో ఓడ ఎక్కించారు. గడువు తీరిన తరువాత తిరిగి ఒప్పందము చేయక, స్వదేశమునకు పోక అక్కడనే ఉండగోరినవారి మీద 1895 నాటి చట్టము ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేసినది. అనగా 60 షిల్లింగులు, ఆరు నెలల తొలి జీతము. 1903లో ఆ పన్నును 16 ఏండ్ల కుమారులకు, 13 ఏండ్ల కుమార్తెలకు కూడా విస్తరించారు. 1914లో గాని అది రద్దు కాలేదు. వారి శ్రమ కావలెను, వారి కుటుంబము మాత్రము అక్కడ వేరూనరాదు. ఇదే ఆ పన్నులోని భావము.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. "కుర్రవారు పని నేర్చుకొనుచున్నారు. పెద్దలతో సమానముగా ఇమ్మంటే వారిని పనిలోనికే తీసుకొనరు" అని యజమానులు అందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. నేర్చుకొను కాలమున కొంత తక్కువ తీసుకొనుట మన వడ్రంగులు, కమ్మరులు ఎరిగిన న్యాయమే. అయితే ఆ నేర్చుకొనుట నిజమై యుండవలెను, దానికి ఒక ముగింపు ఉండవలెను. ఒకే లైనులో, ఒకే మర మీద, పెద్దవానితో సమానముగా పనిచేయువానిని ఇంకా శిక్షణార్థి అని పిలుచుట శిక్షణ కాదు.

మరియొక మాట. "ఆ పిల్ల ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపుచున్నది గదా, జీతము మిగులుచున్నట్లే" అందురు. ఆమె గదిని పలువురితో పంచుకొని, మెస్సు భోజనముతో సరిపెట్టుకొని, పెండ్లి మాట వాయిదా వేసి మిగుల్చుచున్నది. అదే జీతముతో ఆమె ఆ ఊరిలో ఇల్లు తీసుకొని బిడ్డను పెంచగలదా? పెంచలేనియెడల ఆ ఊరు ఆమె యౌవనమును మాత్రమే తీసుకొని, మిగిలిన జీవితమును ఆమె తల్లిదండ్రులకు తిరిగి అప్పగించుచున్నది. తల్లిదండ్రులు బిడ్డకు పెట్టు అన్నము ప్రేమతో పెట్టునది. దానిని తన లెక్కలో జమ వేసుకొను హక్కు యజమానికి ఎక్కడిది?

ద్రాక్షతోట పనివారి ఉపమానము మనకందరికీ తెలుసు. సాయంకాలము వచ్చినవానికి కూడా యజమానుడు ఒక దేనారము, అనగా దినకూలి పూర్తిగా ఇచ్చెను. ఆలస్యముగా పిలువబడినంత మాత్రాన వాని ఇంటిలో ఆకలి తగ్గదు. వయస్సు తక్కువైనంత మాత్రాన కూడా తగ్గదు.

కాబట్టి పెద్దలారా, మన పిల్లలు ఉద్యోగము చెప్పినప్పుడు "ఎంత ఇస్తారు?" అని మాత్రమే అడుగవద్దు. వసతికి, భోజనానికి ఎంత పట్టుకొందురు? రోజుకు ఎన్ని గంటలు? శిక్షణ ఎప్పుడు ముగియును, ముగిసిన తరువాత ఏమగును? ఆ జీతముతో ఆ ఊరిలోనే కాపురము పెట్టవచ్చునా? హోసూరుకైనా, దోహాకైనా, లండనుకైనా ఈ ప్రశ్నలే. జవాబులు కాగితము మీద వ్రాసుకొని చూస్తే, రూపాయలలో పెద్దగా కనబడిన జీతము ఒక్కొక్కప్పుడు చిన్నదగును, చిన్నదిగా కనబడినది ఒక్కొక్కప్పుడు నిలకడైనదగును.

ఇవే ప్రశ్నలు మన దుకాణములలో, మన ఇండ్లలో పనిచేయు పిల్లల విషయమై మనలను మనము కూడా అడుగుకొనవలెను. "వాళ్ల ఊరిలో ఇదే ఎక్కువ" అని మనము అన్నప్పుడు, మనము ఇవ్వని మిగతా భాగమును ఏ ఊరిలో, ఏ తల్లి ఇచ్చుచున్నదో తెలుసుకొని, ఆ భాగమును ఈ నెల జీతములోనే కలిపి ఇవ్వవలెను.