ఉత్తరాలు రాసినవాడి పక్షం

తొలకరి పడగానే మా వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం తలలు దించుకుని నడుస్తుంటారు. ఈసారి ఆ వానల్లో నేను ఇంట్లో కూర్చుని థామస్ మన్రో ఉత్తరాలు చదివాను. 1830లో గ్లెగ్ అచ్చువేయించిన జీవితచరిత్ర, స్కాన్ కాపీ. మన్రో కాగితాలు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

చదివాక ఒక ఇబ్బంది వచ్చింది. మనిషి నచ్చేశాడు.

1780లో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. మేజర్ జనరల్ కావడం చాలా తర్వాతి మాట. తండ్రి గ్లాస్గోలో వ్యాపారి, అమెరికా యుద్ధంతో చితికిపోయాడు. చాలీచాలని జీతంలోంచే ఇతను ఇంటికి డబ్బు పంపేవాడు. హైదర్‌తో, టిప్పుతో యుద్ధాలు చేస్తూనే ఇంటికి పేజీలకు పేజీలు రాశాడు. ఒకటో తారీకున అమ్మ ఖాతాకు డబ్బు పంపే నాలాంటివాడికి చుట్టరికం కలపడానికి ఇంకేం కావాలి?

అక్కడే మోసపోయాననిపిస్తుంది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఒప్పజెప్పాక 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టర్ ఇతనే. మొదటి కొన్నేళ్లు గుడారాల్లోనే కాపురం. శిస్తు నేరుగా రైతుతోనే మాట్లాడాడు. దాదాపు 80 మంది పాళెగాళ్లను అణిచాడు కూడా. కొందరికి పింఛను, కొందరికి ఖైదు. బంట్లను పోషించుకునే మిగులు లేకుండా శిస్తు బిగించాడు. కంపెనీ డైరెక్టర్లే అది తప్పన్నారు. ఆ పాళెగాళ్లలో ఒక్కడు తల్లికి రాసిన ఉత్తరం కూడా నా కంటపడలేదు. మా ఉద్యోగాల్లోనూ ఇంతే, లాగ్ రాసిన సర్వర్ మాటే నమ్ముతాం. పాళెగాళ్లు పుణ్యాత్ములని కాదు, ఊళ్లను దోచినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ సంగతి కూడా నాకు ఎక్కువగా తెలిసింది మన్రో రాతలోంచే.

అయితే అతని మీద నేరం మోపడానికీ అతని కాగితమే కావాలి. 1807లో వెళ్లిపోతూ, సర్వే చేసి తాను వేసిన శిస్తులో 25 శాతం తగ్గించమని ప్రభుత్వానికి రాశాడు. దాన్ని దయ అనొచ్చు. ఇన్నేళ్లూ ఎక్కువే పిండానని ఒప్పుకోవడం అని కూడా అనొచ్చు. నాకు రెండోదే బలంగా తోస్తుంది. మొదటిది కొట్టేయడానికి మాత్రం మనసొప్పదు, ఆ ఇంటి ఉత్తరాల పుణ్యమా అని.

మా అవ్వ మాట వినని పిల్లల్ని "పాళెగాడు" అని తిడుతుంది. మన్రోలప్ప అనే పేరు మాత్రం ఈ సీమలో బిడ్డలకు పెట్టుకున్నారు. ఆమెకు ఈ 1807 ఉత్తరం సంగతి చెప్పాను.

"తగ్గిచ్చినారా మరి?"

"అప్పుడు కాదవ్వా. ఊళ్లను గుత్తకిచ్చి ఇంకా నాశనం చేసినారు. మళ్లా 1820లో ఆయనే గవర్నరై వచ్చినాక తగ్గింది."

అవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"పదమూడేండ్లు. ఆ మధ్యన కట్టినోళ్లు ఏమైరి?"